సిపాయి షరతులు

చందుర్తి పొలాల్లో ఒక చేనుగట్టు మీద నిలబడి ఉన్నారు మీరు. పిఠాపురానికి దగ్గర్లో, గొల్లప్రోలు పక్కన. 1758 డిసెంబరు. చలికాలపు పొద్దు. కాళ్లకింద మట్టి ఇంకా చల్లగానే ఉంది. ఎదురుగా మనిషెత్తు పెరిగిన కంకుల చేను. దానికి ఎడమపక్క ఖాళీ పొలంలో ఎర్రకోట్లవాళ్లు బారులు తీరి ఉన్నారు. దూరం నుంచి చూసినవాళ్లెవరైనా దొరల పటాలమనే అనుకుంటారు. గట్టు దిగి దగ్గరికి వెళ్లండి. కోటు తెల్లవాడిది, ఒళ్లు మనది.

వీళ్లు బెంగాల్ సిపాయిలు. కిందటేడు కలకత్తాలో క్లైవ్ ఒక దేశీ పటాలాన్ని కట్టి, దానికి ఎర్రకోటు తొడిగించాడు. లాల్ పల్టన్ అని దానికి పేరు. ఆ తరహా దుస్తుల్లోనే రెండు వేల మంది ఓడలెక్కి అక్టోబరులో విశాఖపట్నం ఒడ్డున దిగారు. వాళ్లతో పాటు ఐదు వందల మంది ఐరోపా సైనికులు, కొన్ని ఫిరంగులు వచ్చాయి. అందరి మీదా కర్నల్ ఫోర్డ్. అవతల ఫ్రెంచివాళ్లు, వాళ్ల సేనాని కాన్‌ఫ్లాన్స్. అటు కూడా తెల్లవాళ్లు ఐదు వందల మందే. సిపాయిలు మాత్రం ఆరు వేలు, ఫిరంగులు ముప్ఫై దాకా.

ఒక సిపాయి పక్కన ఆగండి. చేతిలో నాలుగున్నర కిలోల తుపాకి. నడుముకు తోలుపెట్టె. అందులో తూటాలు, అంటే కాగితం చుట్టలో కొలిచి పోసిన మందు, ఒక సీసపు గుండు. అతని కింది పెదవి అంచు నల్లగా ఉంది. తూటా కాగితాన్ని పళ్లతో చింపిన ప్రతిసారీ కాస్త మందు నోట్లో పడుతుంది, ఉప్పగా తగులుతుంది. చింపాలి, చిటికెడు మందు చెకుముకి కింది గుంటలో పోయాలి, మిగతాది గొట్టంలో పోయాలి, గుండు వెయ్యాలి, ఇనపకడ్డీతో కూరాలి, భుజానికి ఎత్తాలి. చెయ్యి తిరిగినవాడు నిమిషానికి మూడుసార్లు కాలుస్తాడు. వంద గజాలు దాటితే ఆ గుండు ఎక్కడ తగులుతుందో కాల్చినవాడికే తెలియదు. కాబట్టి ఒక్కడు గురి చూసి కాల్చడంతో ఇక్కడ పని లేదు. వంద మంది ఒక్కసారే కాల్చాలి, ఒక్క అడుగే వెయ్యాలి. పక్కవాడు కూలిపోతే ఆ ఖాళీలోకి జరగాలి. వంగి వాడి ముఖం చూడకూడదు.

ఇప్పుడు వెనక్కి తిరగండి. విజయనగరం ఆనందరాజు బలగం అక్కడుంది. ఐదు వేల మంది కాల్బలం. కొందరి చేతుల్లో మోటు తుపాకులు, మిగతావాళ్లకు బల్లేలు, విల్లంబులు. ఫ్రెంచివాళ్ల మీదికి రమ్మని కలకత్తాకు కబురు పెట్టింది ఈ రాజే. బల్లెం నేలకు ఆనించి ఎర్రకోట్ల కవాతు చూస్తున్నవాళ్లలో ఒకడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు.

"ఏటి బావా, ఆలందరూ ఒక్కలాగే నడుస్తన్నారు?"

"జీతం పుచ్చుకున్నోలురా. నడవమన్నట్టే నడవాల."

ఈ బల్లేలవాళ్లలో కొందరైనా 1757 జనవరి 24న బొబ్బిలి కోట బయట ఉండి ఉంటారు. అది జరిగి ఇంకా రెండేళ్లు నిండలేదు. కాబట్టి చందుర్తిలో తుపాకి పేలే లోపు ఒకసారి అక్కడికి వెళ్లొద్దాం.

బొబ్బిలిది మట్టికోట. పెద్దదేం కాదు. తెల్లవారుతూనే ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు గోడను తొలవడం మొదలుపెట్టాయి. పక్కనే, అప్పటికి ఫ్రెంచివాళ్లతో కలిసున్న విజయనగరం విజయరామరాజు సేన. గోడ పడ్డచోట ఫ్రెంచివాళ్లు ఎక్కబోతే లోపలివాళ్లు బల్లేలతో తోసేస్తున్నారు, మళ్లీ ఎక్కుతున్నారు, మళ్లీ తోస్తున్నారు. మధ్యాహ్నం దాటినా ఇదే. లోపలున్న సైనికుడికి నెలజీతం లేదు, మాన్యం ఉంది. అతని తాత ఆ భూమి తిన్నాడు, తండ్రి తిన్నాడు, ఇవాళ దాని బాకీ తీర్చే రోజు వచ్చింది. బొబ్బిలి దొర రంగారావు ముఖం అతనికి తెలుసు, ఆయన గొంతు తెలుసు, పెళ్లిపేరంటాలు తెలుసు. ఏ దొర కోసం చస్తున్నాడో ఆ దొర పది బారల దూరంలోనే చస్తున్నాడు.

దాన్ని గొప్పగా పాడుకున్నాం. పాడుకోదగ్గ తెగువే అది. కానీ కోటలోకి చివరికి అడుగుపెట్టినవాళ్లకు కనబడింది వేరు. శత్రువు చేతికి చిక్కకూడదని ఇంటి మగవాళ్లే ఆడవాళ్లనూ పిల్లల్నీ చంపేశారు. ఎలాగో బతికి బయటపడ్డ ఒక పసివాణ్ని ఫ్రెంచి అధికారి లా దగ్గరికి తీసుకొచ్చారు. తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రిపూట డేరాలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. మాన్యం తిన్నవాడి యుద్ధంలో ఆగు అనే మాట చెప్పేవాడు ఉండడు. దొర ఇంటి మానమే అతని మానం, దొర ఇంటి పగే అతని పగ, ఆ ఇల్లు తగలబడితే అతని ఇల్లూ తగలబడాలి. ఆ తెగువ ముందు నేను తలవంచుతాను. ఆ షరతు మళ్లీ రావాలని మాత్రం కోరుకోను.

సరే, చందుర్తికి రండి. ఫిరంగులు మొదలయ్యాయి.

ఫోర్డ్ తన తెల్లసైనికుల్ని మధ్యలో నిలబెట్టాడు. వాళ్ల ముందు ఆ కంకుల చేను ఉంది కాబట్టి ఫ్రెంచివాళ్లకు వాళ్లు కనబడటం లేదు. కనబడుతున్నది ఎడమపక్క ఎర్రకోట్లు. సిపాయిలంటే తెల్లబట్టలవాళ్లని ఫ్రెంచివాళ్ల అనుభవం. ఎరుపు కనబడితే ఇంగ్లీషువాళ్లే. కాన్‌ఫ్లాన్స్ ఐరోపా పటాలం అటే తిరిగింది, డప్పుల దరువుకు అడుగు వేస్తూ, ఎక్కడా చెదరకుండా.

ఆ ఎర్రకోటు సిపాయి కళ్లతో చూడండి. తన వంతుకు తోటి సిపాయిలు వస్తారనుకున్నాడు. వస్తున్నది ఫ్రాన్సు పటాలం. తాను వేసుకున్న కోటు ఆ పటాలాన్ని తన మీదికి లాగిందని అతనికి ఎవరు చెబుతారు? దూరం ఇంకా చాలా ఉండగానే వాళ్లు కాల్చేశారు. గుండ్లు మధ్యలోనే నేలకు తగిలాయి. మళ్లీ కూరేలోపు ఫ్రెంచివాళ్లు ఇంకా దగ్గరికొచ్చారు. ఫోర్డ్ గుర్రం మీద వచ్చి నిలబడండని అరిచాడు. బారు కదిలింది, వంగింది, తెగింది. ఎర్రకోట్లు వెనక్కి పరుగెత్తాయి. గెలిచామనుకుని ఫ్రెంచివాళ్లు తరుముకుంటూ ముందుకొచ్చారు.

అప్పుడు చేను కదిలింది. కంకులు తోసుకుంటూ కెప్టెన్ ఆడ్నెట్ కింది అసలు ఇంగ్లీషు పటాలం బయటికొచ్చి, పక్కకు తిరిగి, ఫ్రెంచివాళ్ల పక్కటెముకల్లోకి కాల్చింది. ఒక్క బారు, ఇంకో బారు. ఇంతసేపూ కొలిచినట్టు నడిచిన పటాలం చెల్లాచెదురై తన ఫిరంగుల వైపు పారిపోయింది. కుడిపక్క కెప్టెన్ నాక్స్ సిపాయిలు చెక్కుచెదరలేదు, వాళ్లూ ముందుకు నడిచారు. కొద్దిసేపటికే ఫిరంగులన్నీ ఇంగ్లీషువాళ్ల పరమయ్యాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ నలభై మైళ్లు దౌడు తీసి అర్ధరాత్రికి రాజమండ్రి చేరాడు.

రాజుగారి బల్లేలవాళ్లు ఎక్కడ? ఎండిపోయిన ఒక చెరువు గర్భంలో నక్కి ఉన్నారు. ఇంగ్లీషు చరిత్రకారులు దీన్ని వేళాకోళంగా రాశారు. నాకు ఆ వేళాకోళం నచ్చదు. బల్లెం పట్టుకున్నవాడికి ఆ పొలంలో చెయ్యడానికి పనేం మిగిలింది? రెండేళ్ల కింద బొబ్బిలి గోడ మీద బల్లెం ఏం చెయ్యగలదో చూసినవాడు, ఇవాళ దానివల్ల ఏమీ కాదని కూడా అందరికంటే ముందే గ్రహించాడు.

పొలం మీద పొగ తేరుకున్నాక లెక్క కట్టారు. ఆడ్నెట్ చనిపోయాడు. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. ఆ గెలుపుకు ఎరగా నిలబడ్డ సిపాయిల్లో చచ్చినవాళ్లు నూరుకు పైమాటే. వాళ్లు ఒక అంకెగానే ఎక్కారు. ఆ ఎరుపు రంగు వల్లే ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేజారాయంటే అతిశయోక్తి కాదు. నాలుగు నెలలు తిరక్కుండా, 1759 ఏప్రిల్‌లో, ఫోర్డ్ మచిలీపట్నం కోట కూడా పట్టేశాడు.

సైనికుడి చరిత్ర చెప్పేవాళ్లు కత్తి పోయి తుపాకి వచ్చింది, తుపాకి పోయి క్షిపణి వచ్చింది అని ఆయుధాల వరస చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది షరతు. ఎవరు పంపితే వెళ్లాలి, ఎంత దూరం వెళ్లాలి, ఒంటి మీద ఏం వేసుకోవాలి, ఎప్పుడు కాల్చకూడదు, ఎన్నాళ్లకు ఇంటికి పొమ్మంటారు. ఈ షరతులు రాసినవాడు ఎప్పుడూ ఒకడే కాదు. వాటికి తలొగ్గాల్సినవాడు మాత్రం ఎప్పుడూ సిపాయే. తలొగ్గనని అతను అన్న రోజులు కొన్నున్నాయి. అందులో ఒకటి చూద్దాం.

1780 అక్టోబరు 3. విశాఖపట్నం. రేవు లేదు, క్రేన్లు లేవు, అవి రావడానికి ఇంకా నూటయాభై ఏళ్లుంది. ఇసుక, అలలు, దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ. ఓడ దూరంగా లోతునీళ్లలో ఆగి ఉంటుంది. దాని దగ్గరికి చేరాలంటే మసులా పడవ ఎక్కాలి. మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో చెక్కలు కుట్టిన పడవ అది. అల కొడితే పగలకుండా వంగుతుంది. కుట్టు సందుల్లోంచి నీళ్లు లోపలికి ఊరుతూనే ఉంటాయి. ఇసుక మీద కూర్చుని చేత్తో ఆ కుట్టు తడిమి చూస్తే అర్థమవుతుంది, కొండల్లో పొలాల్లో పుట్టిన మనిషికి దీన్ని ఎక్కడమంటే ఏమిటో.

ఉత్తర సర్కారుల సిపాయి పటాలాల్లోని గ్రెనేడియర్ కంపెనీలు, అంటే ఏరి కూర్చిన పొడగరి సిపాయిలు, ఒడ్డున బారు తీరి ఉన్నారు. వాళ్లను మద్రాసుకు ఓడలో పంపమని హుకుం. మైసూరు పాలకుడు హైదర్ అలీ కర్ణాటకం మీద పడ్డాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ దళం బయల్దేరింది మన గుంటూరు నుంచే. అది జరిగి ఇంకా నెల తిరగలేదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ దొరలకు ఊపిరాడటం లేదు, ఎక్కడున్న సిపాయినైనా తెప్పించుకోవాలి.

ఎక్కం, అన్నారు సిపాయిలు.

మామూలు మాటలా వినిపిస్తుంది కానీ ఆ ఒక్క మాటకు శిక్ష చావు. వాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు. సముద్రం దాటడం కులానికి తప్పన్న భయం కొందరిది. పెళ్లాం బిడ్డల్ని ఇక్కడొదిలి తిరిగొస్తామో రామో తెలియని చోటికి పొమ్మంటున్నారన్న గుబులు అందరిదీ. చేరింది ఈ జిల్లాల కాపలాకు. జీతం పుచ్చుకున్నది ఇక్కడ నిలబడటానికి. ఇరవై రెండేళ్ల కింద బెంగాల్ సిపాయిలు ఇదే ఒడ్డున ఇలాంటి పడవల్లోంచే దిగారు. వాళ్ల ముందు ఈ మాట వచ్చిందో లేదో ఎవరూ రాయలేదు. ఇవాళ వచ్చింది. అధికారులు పడవల వైపు తొయ్యబోతే తుపాకులు వాళ్ల మీదికే తిరిగాయి. కొందరు ఆంగ్లేయులు అక్కడే చనిపోయారు. వాళ్ల సమాధులు విశాఖ పాతబస్తీ దొరల శ్మశానంలో ఉన్నాయి. తిరుగుబాటు ఎక్కువకాలం నిలవలేదు. ముందు నిలబడ్డవాళ్లను చంపేశారు.

దీనికి మూడు రోజుల ముందు, సెప్టెంబరు 30న, మద్రాసులో కంపెనీ రెండు పయనీరు కంపెనీలు కట్టింది. దారులు చదును చేసేవాళ్లు, కందకాలు తవ్వేవాళ్లు, వంతెనలు కట్టేవాళ్లు. ఇవాళ మద్రాస్ శాపర్లంటున్న దళానికి అదే పుట్టినరోజు. పార పట్టిన సైనికుడు అప్పుడు అందరికీ చిన్నగానే కనబడి ఉంటాడు. అతని దగ్గరికి తర్వాత వస్తాం.

ఇప్పుడు వేలూరు. 1806, ఎండాకాలం. కవాతు మైదానంలో సిపాయిల చేతికి కొత్త తలపాగా ఇచ్చారు. దాన్ని చేతిలోకి తీసుకోండి. గుడ్డ చుట్టిన పాగా కాదిది, టోపీ ఆకారం. ముందు తోలుతో చేసిన బిళ్ల, పైన కుచ్చు. ఆ తోలు ఏ జంతువుది? ఎవరూ చెప్పరు. కొత్త ఉత్తర్వులో ఇంకా ఉన్నాయి. యూనిఫాం వేసుకున్నప్పుడు నొసట బొట్టు, నామం, విభూతి ఉండకూడదు. చెవిపోగులు తీసెయ్యాలి. గడ్డం గీయించుకోవాలి. మీసం అందరికీ ఒకే కొలతలో కత్తిరించాలి.

చందుర్తిలో ఎర్రకోటు తొడిగినవాడు ఒంటిమీది గుడ్డ వరకే అడిగాడు. ఇక్కడ నొసలు అడుగుతున్నారు, చెవి అడుగుతున్నారు, మీసం అడుగుతున్నారు. నెలకు ఏడు రూపాయలిచ్చి మనిషి ముఖం కొనుక్కోవచ్చనుకున్నాడు కమాండర్ ఇన్ చీఫ్ క్రాడాక్. మా ఊరికి వెళ్తే పరంగివాడివయ్యావంటారు, మా ఇంట్లో మంచినీళ్లు ముట్టనివ్వరు అని సిపాయిలు మొత్తుకున్నారు. మే నెలలో, పెట్టుకోబోమని మొండికేసినవాళ్లను మద్రాసుకు పంపి విచారించారు, ఇద్దరిని కొరడాలతో కొట్టి పంపేశారు.

జులై 10, రాత్రి రెండు గంటలు దాటింది. కోటలోనే టిప్పు సుల్తాన్ కొడుకులు బందీలుగా ఉన్నారు. ముందురోజు టిప్పు కూతురి పెళ్లి. మర్నాడు పొద్దున కవాతు ఉంది కాబట్టి సిపాయిలు కోటలోనే పడుకున్నారు. చీకట్లో తలుపులు తెరుచుకున్నాయి. 69వ పటాలం తెల్లసైనికుల్ని బారకాసుల్లో నిద్రలో ఉండగానే కాల్చి చంపారు. కర్నల్ ఫాన్‌కోర్ట్‌ను చంపారు. తెల్లారేసరికి కోట మీద టిప్పు పులిచారల జెండా ఎగిరింది. నిద్రపోతున్నవాణ్ని చంపడం గురించి మెత్తగా మాట్లాడలేను. అన్యాయం జరిగినవాడి చేతిలో ఇంకో అన్యాయం జరిగింది.

ఆర్కాటు నుంచి కర్నల్ గిలెస్పీ గుర్రపుదళంతో దౌడు తీసి వచ్చాడు. ఆయన్ని గోడ మీదికి లాగడానికి పైనున్న సైనికులు తమ తోలుబెల్టులు విప్పి తాడులా ముడేశారు. వెనకొచ్చిన ఫిరంగులు గేటు పేల్చేశాయి. లోపలి మహల్లో దాక్కున్న నూరుమంది దాకా సిపాయిల్ని బయటికీడ్చి ఒక గోడకు నిలబెట్టి కాల్చారు. ఆ రోజు చనిపోయిన సిపాయిలు మొత్తం మూడొందలు దాటారు. తర్వాత కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు, కొందరిని ఉరి తీశారు. పటాలాలు మూడూ రద్దయ్యాయి. క్రాడాక్‌నూ గవర్నర్ బెంటింక్‌నూ లండన్ వెనక్కి పిలిపించుకుంది. తలపాగా ఉత్తర్వు రద్దయింది. ఒక టోపీ వెనక్కి తీసుకోవడానికి ఇంత నెత్తురు కావలసివచ్చింది.

ఆ శతాబ్దం చివర్లో ఇంకో మాట పుట్టింది. ఉత్తరాది కొండల్లో మైదానాల్లో పుట్టినవాళ్లే యుద్ధజాతులు, దక్షిణాదివాళ్లు పోరుకు పనికిరారు అని. మద్రాసు సేనాపతిగా పనిచేసి వెళ్లిన జనరల్ రాబర్ట్స్ దీన్ని గట్టిగా నమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక మద్రాసు పటాలాల్ని ఒక్కొక్కటే ఎత్తేశారు. పార పట్టిన శాపర్లు మాత్రం మిగిలారు. రెండో యుద్ధంలో మనుషులు కావలసివచ్చేసరికి యుద్ధజాతి సిద్ధాంతం పక్కకు పోయింది, మద్రాసు రెజిమెంటు మళ్లీ పుట్టింది. సైన్యానికి మనుషుల్ని పంపిన తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం తన పేరు ముందు మిలిటరీ అన్న మాట శాశ్వతంగా తగిలించుకుంది.

1944 ఫిబ్రవరి 24. ఇటలీలో మిన్యానో. మద్రాస్ శాపర్ల చిన్న బృందం ఒకటి మందుపాతరల కోసం నేల వెతుకుతోంది. బృందాన్ని నడిపిస్తున్నది సుబేదార్ సుబ్రమణియన్, తమిళుడు. ఈ పనిలో శత్రువు కనబడడు. ఎదురుగా తడినేల, దాని కింద ఎక్కడో జర్మన్ మందుపాతర. దాని మీద కాలు పడితే ముందు చిన్నగా టప్‌మంటుంది. మూడు నాలుగు సెకన్ల తర్వాత నేలలోంచి నడుమెత్తుకు ఎగిరి పేలి, చుట్టూ ఇనపగుండ్లు చిమ్ముతుంది. బృందంలో ఒకరి కాలికింద ఆ టప్ వినబడింది. పడుకోవడానికి ఆ సెకన్లు చాలు. సుబ్రమణియన్ ఆ మందుపాతర మీద పడుకున్నాడు. వెనకున్నవాళ్లు బతికారు. ఆయనకు చనిపోయాక జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఇలా చెయ్యాలని ఏ నియమావళిలోనూ లేదు, ఏ అధికారీ హుకుం ఇవ్వలేదు. సైనికుడి చరిత్రలో రాసిపెట్టిన షరతుకు మించి ఇచ్చినవాళ్ల లెక్క వేరే ఉంటుంది.

ఇక గల్వాన్. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. 2020 జూన్ 15 సాయంత్రం. గాలిలో సగం ఊపిరే అందుతుంది. చెట్టు లేదు, గడ్డి లేదు, రెండు రాతిగోడల మధ్య మంచు కరిగిన ఏరు. చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. 16వ బిహార్ పటాలం కమాండింగ్ అధికారి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు తన మనుషులతో నడుస్తున్నారు. సూర్యాపేట మనిషి. చదువు కోరుకొండ సైనిక్ స్కూలు. ఆ స్కూలుకు భవనం ఇచ్చింది విజయనగరం రాజవంశమే, బొబ్బిలి బయట, చందుర్తి చేలల్లో సేనలు నిలబెట్టిన ఆ వంశమే. జూన్ 6న ఇరుదేశాల అధికారులు మాట్లాడుకుని వెనక్కి తగ్గుదామనుకున్నారు. చైనావాళ్లు తమ గుడారం తీసేశారో లేదో చూడటమే ఆ సాయంత్రం పని. యుద్ధానికి వెళ్లలేదు, ఒక మాట నిలబడిందో లేదో చూడటానికి వెళ్లారు.

నిలబడలేదు. తోపులాట మొదలైంది. చీకటి పడింది. 1996 ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు ఎవరూ తుపాకి పేల్చకూడదు. మన సైనికుడి దగ్గర ఆయుధం ఉంది, పేల్చకూడదు. అవతలి నుంచి రాళ్లు, ఇనపకడ్డీలు, మేకులు దిగ్గొట్టిన దుడ్డుకర్రలు. రెండు అణ్వస్త్ర దేశాల సైనికులు ఆ ఏటి ఒడ్డున చేతులతో, కర్రలతో కొట్టుకున్నారు. కొందరు గట్టు విరిగి నీళ్లలో పడ్డారు. దెబ్బలకు చలి కూడా తోడైన చోట కర్నల్‌తో కలిపి ఇరవై మంది మనవాళ్లు చనిపోయారు. తమ వైపు నలుగురు పోయారని చైనా మరుసటి ఏడాది ఒప్పుకుంది. సంతోష్‌బాబుకు మహావీర చక్ర ఇచ్చారు.

తుపాకి ఎందుకు పేల్చలేదని ఆ వారమంతా టీవీల ముందు కూర్చుని చాలామంది కోప్పడ్డారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రాత్రి పేల్చకుండా ఉండటం పిరికితనం కాదని, సైనికుడికి అంతకంటే కష్టమైన పని ఇంకొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆగు అనే మాట చెప్పేవాడు లేని బొబ్బిలి నుంచి, తోటివాడు పక్కనే పడిపోతున్నా వేలు మీట మీదికి పోనివ్వని గల్వాన్ దాకా, సిపాయి వచ్చిన దూరం అది. ఆ దూరానికి ఖరీదు ఇరవై ప్రాణాలు కావడం మన పాపం.

రెండేళ్ల తర్వాత, 2022 జూన్ 17 ఉదయం. సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడండి. పట్టాల మీదికి వందల మంది కుర్రాళ్లు దిగారు. పొట్టి జుట్టు, ట్రాక్‌ప్యాంట్లు, అరిగిపోయిన రన్నింగ్ షూస్. ఊరి బయట తారురోడ్డు మీద తెల్లారకముందే పరుగెత్తి పరుగెత్తి అరిగిన షూస్ అవి. వీళ్లలో చాలామంది సైన్యం ర్యాలీల్లో పరుగు నెగ్గారు, కొలతలు నెగ్గారు, వైద్యపరీక్ష నెగ్గారు. రాతపరీక్ష ఒక్కటే మిగిలింది. కరోనా వచ్చి రెండేళ్లు ఆగింది. రేపో మాపో పెడతారని చూస్తుండగా, జూన్ 14న ప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించింది. ఇకమీదట చేరేవాళ్లకు నాలుగేళ్లే ఉద్యోగం. నాలుగో వంతు మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు పదకొండు లక్షల చిల్లర తీసుకుని ఇంటికి పోవాలి. పింఛను లేదు. పాత పరీక్ష లేదు.

బోగీల్లోంచి పొగ వస్తోంది. ప్రయాణికులు సూట్‌కేసులు వదిలేసి పరుగెత్తుతున్నారు. పార్సిల్ మూటలు పట్టాల మీద కాలుతున్నాయి. పోలీసులు కాల్చారు. వరంగల్ జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడం తప్పు, ఆ బోగీలో పిల్లలుండి ఉంటే అన్న ఊహకే గుండె ఆగుతుంది. అయినా ఆ కుర్రాళ్లు అడిగిన ప్రశ్న కొత్తది కాదు. మేం ఒక షరతుకు సిద్ధపడ్డాం, మాతో ఒక్కమాట అనకుండా దాన్ని ఎలా మార్చారు? విశాఖ ఇసుక మీద గ్రెనేడియర్లు అడిగిందీ ఇదే. వాళ్లను సముద్రం మీదికి పొమ్మన్నది పరాయి కంపెనీ. వీళ్ల షరతు మార్చింది వీళ్లు ఓటేసే ప్రభుత్వం. అందుకే నా బాధ ఇక్కడ ఎక్కువ.

నాలుగేళ్ల సైన్యం సైన్యానికి మంచిదే కావచ్చు. జీతాలు పింఛన్ల భారం తగ్గి ఆయుధాలకు డబ్బు మిగులుతుందనే వాదనలో బలం లేకపోలేదు, కుర్రసైన్యం కొండలు బాగా ఎక్కుతుంది. అది నిపుణులు తేల్చుకోవాల్సిన సంగతి. కానీ రెండేళ్లు ఎదురుచూసిన కుర్రాడికి ముందుగా కబురు పెట్టడానికి నిపుణులు అక్కర్లేదు. గొడవలు ముదిరాక ఆ ఒక్క ఏడాదికి వయసు పరిమితి 21 నుంచి 23కు పెంచారు. ఆ వారంలోనే ఢిల్లీలో సైనికాధికారులు విలేకరుల్ని పిలిచి ఇంకో షరతు చెప్పారు. చేరదలచుకున్న ప్రతి ఒక్కడూ ఈ నిరసనల్లో, దహనాల్లో తాను పాల్గొనలేదని రాసివ్వాలి, పోలీసులు దాన్ని ధ్రువీకరించాలి.

ఆ కాగితం మీద సంతకం పెట్టి పరుగుకు నిలబడ్డ కుర్రాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. మొదటి దళం 2023 జనవరిలో శిక్షణకు వెళ్లింది. వాళ్ల నాలుగేళ్లు నిండాక నలుగురిలో ముగ్గురు ఇంటికి వస్తారు, ముప్ఫై ఏళ్లు కూడా నిండకుండా, తుపాకి విప్పి మళ్లీ బిగించడం తెలిసిన చేతులతో. ఊళ్లో వాళ్లకు ఏ పని చూపించబోతున్నామో ఇప్పుడే చెప్పాలి. వాళ్లు బస్సు దిగాక కాదు.